రెండు లా సీట్లు చేతిలో ఉన్నప్పుడు

(ఇంటర్ పూర్తయిన విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో ఒక జిల్లా కోర్టు న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో కూర్చున్న పిల్లలకు అభినందనలు. ఇంటర్ అయ్యాక ఇంజనీరింగూ మెడిసినూ తప్ప మూడో మాట వినపడని ఇళ్ల నుంచి వచ్చి, లా చదువుతామని పట్టుబట్టి, రాసిన పరీక్షల్లో ర్యాంకులు తెచ్చుకున్నారు. అది మామూలు విషయం కాదు.

నన్ను పిలిచిన వాళ్లు ఒక ప్రశ్న ఇచ్చారు. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష క్లాట్‌లో వచ్చిన సీటు ఒకటి, రాష్ట్రంలోని లా కాలేజీల ప్రవేశ పరీక్ష లాసెట్‌లో వచ్చే సీటు ఒకటి. రెండింట్లో ఏది తీసుకోవాలి? ఏటా మే నెల నుంచి నా ఆఫీసుకు ఈ ప్రశ్నతో ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. తండ్రి ఫీజు గురించి అడుగుతాడు. తల్లి దూరం గురించి అడుగుతుంది. పిల్లో పిల్లాడో మాత్రం "ఏది పెద్ద కాలేజీ మేడమ్?" అంటారు. నేను మాత్రం వాళ్లను వేరే సంగతి అడుగుతాను. పట్టా చేతికొచ్చాక మొదటి మూడేళ్లు నువ్వు ఏ ఊళ్లో ఉంటావు, ఎవరి దగ్గర పని నేర్చుకుంటావు, ఆ మూడేళ్లూ నీ తిండికి, అద్దెకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? కాలేజీలో గడిపే ఐదేళ్ల గురించి అందరూ ఆలోచిస్తారు. ఆ తర్వాతి మూడేళ్ల గురించి దాదాపు ఎవరూ ఆలోచించరు. మా వృత్తిలో మనిషి నిలబడేదీ, వదిలేసి వెళ్లిపోయేదీ ఆ మూడేళ్లలోనే. అందుకే ఈ రోజు నా మాటలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి.

ముందు కళ్లెదుట ఒక బొమ్మ పెట్టుకుందాం. మన అమ్మాయికి క్లాట్‌లో ఓ మాదిరి ర్యాంకు వచ్చింది. రాయపూరో, పాట్నానో, రాంచీనో, సిమ్లానో, గువాహటీనో ఏదో ఒక జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో, అంటే ఎన్‌ఎల్‌యూలో, సీటు ఖాయమైంది. ఇక్కడ లాసెట్ ర్యాంకు చూస్తే విశాఖపట్నంలో ఆంధ్రా యూనివర్సిటీ వారి అంబేద్కర్ లా కాలేజీలోనో, అలాంటి మరో యూనివర్సిటీ కాలేజీలోనో సీటు వచ్చేలా ఉంది. నా దగ్గరికి ఎక్కువగా వచ్చేది ఇలాంటి వాళ్లే. బెంగళూరు లా స్కూలుకో, శామీర్‌పేటలోని నల్సార్‌కో ఎంపికైన పిల్లలకు ఈ సందేహం అంతగా ఉండదు. సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీలో సీటొస్తే దూరం అనే చిక్కు ఉండదు గానీ, ఫీజు లెక్క మాత్రం అలాగే ఉంటుంది.

ఈ ఎన్‌ఎల్‌యూలు ఎలా వచ్చాయో పిల్లలు తెలుసుకోవాలి. వకీలు చదువంటే సాయంత్రం క్లాసులు, అరకొర హాజరు, గైడు కొనుక్కుని పరీక్ష రాయడం అనే పరిస్థితి చాలాచోట్ల ఉన్న రోజుల్లో, 1980ల చివర్లో, మాధవ మేనన్ గారి నాయకత్వంలో బెంగళూరులో మొదటిది మొదలైంది. ఇంటర్ అయిన పిల్లల్ని తీసుకుని, హాస్టల్లో ఉంచి, ఐదేళ్ల పాటు గట్టిగా చదివించి, మంచి న్యాయవాదుల్ని కోర్టులకు పంపాలన్నది ఉద్దేశం. 1998లో మన నల్సార్ వచ్చింది. 2008లో విశాఖ యూనివర్సిటీకి చట్టం చేశారు. దానికి సంజీవయ్య గారి పేరు పెట్టడం నాకు ఎంతో ఇష్టమైన సంగతి. కర్నూలు దగ్గర పెదపాడులో దళిత కుటుంబంలో పుట్టి, మద్రాసులో లా చదివి, 1960లో ముఖ్యమంత్రి అయిన మనిషి ఆయన. ఆ 2008లోనే ఏడు ఎన్‌ఎల్‌యూలు కలిసి క్లాట్ అనే ఉమ్మడి పరీక్ష పెట్టాయి. ఇప్పుడు అలాంటి యూనివర్సిటీలు పాతిక దాకా ఉన్నాయి. పాతికేళ్లు దాటినవీ ఉన్నాయి, నిన్న మొన్న మొదలై ఇంకా సొంత భవనాలు, పూర్తిస్థాయి అధ్యాపకులు సమకూర్చుకుంటున్నవీ ఉన్నాయి. అన్నింటినీ ఒకే గాటన కట్టి "ఎన్‌ఎల్‌యూ కదా" అని సంతకం పెట్టేయకండి.

రెండో వైపు నుంచి, అంటే లాసెట్ సీటు చాలనేవాళ్ల నుంచి, ఒక వాదన తప్పకుండా వినిపిస్తుంది. ఎన్.వి. రమణ గారు నాగార్జున యూనివర్సిటీలో లా చదివి భారత ప్రధాన న్యాయమూర్తి కాలేదా? చలమేశ్వర్ గారు ఆంధ్రా యూనివర్సిటీలో చదివి సుప్రీంకోర్టుకు వెళ్లలేదా? వెళ్లారు. మనందరికీ గర్వకారణం. కానీ ఆ వాదన నేను ఒప్పుకోను. చలమేశ్వర్ గారు పట్టా తీసుకున్నది 1976లో, రమణ గారు న్యాయవాదిగా నమోదైంది 1983లో. అప్పటికి దేశంలో ఒక్క ఎన్‌ఎల్‌యూ కూడా లేదు. వాళ్ల ముందు ఈ రెండు దారులు లేవు. కాబట్టి వాళ్ల పేర్లు చెప్పి ఈ రోజు పిల్లలకు దారి చూపించలేం. ఈ రోజు లెక్క ఈ రోజే వేయాలి.

ఆ లెక్క వేద్దాం. నాన్నలు కాస్త ఇటు వినండి.

ఎన్‌ఎల్‌యూలలో ఫీజు, హాస్టలు, మెస్సు అన్నీ కలిపితే చాలాచోట్ల ఏడాదికి రెండున్నర లక్షల నుంచి నాలుగు లక్షల దాకా అవుతోంది. మధ్యలో మూడు లక్షలు అనుకుందాం. ఐదేళ్లకు పదిహేను లక్షలు. మొత్తం బ్యాంకు అప్పే అనుకుందాం, వడ్డీ పది శాతం అనుకుందాం. చదివినంత కాలం, ఆ తర్వాత ఒక ఏడాది కిస్తీ కట్టక్కర్లేదని బ్యాంకు వాళ్లు చెబుతారు. కిస్తీ ఆగుతుంది గానీ వడ్డీ ఆగదు. మొదటి ఏడాది తీసుకున్న మూడు లక్షల మీద ఆరేళ్ల వడ్డీ పడుతుంది, రెండో ఏడాది మూడు లక్షల మీద ఐదేళ్ల వడ్డీ, అలా చివరి ఏడాది దాకా. బారువడ్డీయే వేసినా ఆరు లక్షలు తేలుతుంది. అంటే కిస్తీలు మొదలయ్యే నాటికి అప్పు ఇరవై ఒక్క లక్షలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకు 27 వేల ఏడు వందల పైచిలుకు కట్టాలి.

ఇప్పుడు రెండో అంకె చూడండి. 2024 అక్టోబరులో, న్యాయవాద వృత్తిని నియంత్రించే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఒక సర్క్యులర్ ఇచ్చింది. జూనియర్లకు సీనియర్లు పట్టణాల్లో నెలకు 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు ఇవ్వాలని సిఫారసు చేసింది. సిఫారసే, నిర్బంధం కాదు. జిల్లా కోర్టుల్లో అంత ఇచ్చే సీనియర్లు ఎందరున్నారో ఇక్కడ కూర్చున్న వకీళ్లకు తెలుసు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో లా నేస్తం పేరుతో జూనియర్లకు నెలకు 5 వేలు ఇవ్వడం మొదలుపెట్టిందంటే, వాళ్ల పరిస్థితి ఎలా ఉంటుందో ఊహించుకోండి. కిస్తీ 27 వేలు. రాబడి, అదృష్టం బాగుంటే, పదిహేను వేలు.

ఇరవై మూడేళ్ల పిల్ల ఆ లెక్కతో మునసబు కోర్టుకు రాగలదా? రాలేదు. ముంబైలోనో ఢిల్లీలోనో బెంగళూరులోనో కార్పొరేట్ లా ఫర్మ్‌కో, కంపెనీ లీగల్ విభాగానికో వెళ్లాల్సిందే. ఇష్టపడి వెళితే చాలా మంచిది, అది గౌరవమైన పని, మంచి జీతం. నా బాధ అది కాదు. "నేను కోర్టులో వాదించాలి, మా ఊరి భూమి కేసులు చూడాలి" అని పదిహేడేళ్లప్పుడు చెప్పిన పిల్ల, ఆ కోరిక చచ్చిపోయినందువల్ల కాక బ్యాంకు కిస్తీ వల్ల వేరే దారి పట్టడం నాకు బాధ. పని ఏమిటో పిల్ల నిర్ణయించుకునే లోపే అప్పు నిర్ణయించేస్తుంది. సీటు ఎంచుకునే రోజున ఈ సంగతి ఎవరూ ఆ పిల్లకు చెప్పరు.

అప్పు భారం తగ్గించే దారులు ఉన్నాయి, చెప్పకపోతే తప్పవుతుంది. కేంద్రం 2024 నవంబరులో ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో, ఎంపిక చేసిన విద్యాసంస్థల్లో చేరేవాళ్లకు ఆస్తి తాకట్టు లేకుండా రుణం ఇస్తారు. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపుంటే, చదువు కాలంలో 10 లక్షల దాకా రుణం మీద మూడు శాతం వడ్డీ రాయితీ ఉంది. ఎస్సీ విద్యార్థులకు టాప్ క్లాస్ ఎడ్యుకేషన్ అనే కేంద్ర పథకం ఉంది, దాని జాబితాలో కొన్ని ఎన్‌ఎల్‌యూలు ఉన్నాయి. మీకు వచ్చిన యూనివర్సిటీ ఆ జాబితాల్లో ఉందో లేదో సీటు ఖాయం చేసుకోక ముందే చూసుకోండి. షంనాద్ బషీర్ అనే ప్రొఫెసరు 2010లో మొదలుపెట్టిన ఐడియా అనే సంస్థ పేద పిల్లలకు క్లాట్ శిక్షణ ఇచ్చి, ఎన్‌ఎల్‌యూల్లో చదివేటప్పుడూ తోడు నిలుస్తోంది. ఆయన చిన్న వయసులోనే పోయారు, సంస్థ మాత్రం నడుస్తోంది. వీటిలో ఏదైనా వర్తించి మీ అప్పు మూడో వంతుకు దిగిందనుకోండి, నేను ఇందాక వేసిన లెక్క మొత్తం మారిపోతుంది. అప్పుడు నా సలహా కూడా మారుతుంది.

ఇక లాసెట్ సీటు సంగతి. యూనివర్సిటీ కాలేజీలో ఫీజు వేలల్లో ఉంటుంది. ఇంటి నుంచో, దగ్గర్లో హాస్టలు నుంచో వెళ్లి రావచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, రెండో ఏడాది నుంచే మన కోర్టు మెట్లు ఎక్కవచ్చు. దీని విలువ బయటివాళ్లకు తెలియదు, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

మన జిల్లాల్లో సివిల్ కేసంటే సగానికి సగం భూమి. ఆస్తి పంపకాల దావా, ఇంజంక్షను దావా, సరిహద్దు తగాదా. ఆ ఫైలు చదవాలంటే భూమి రికార్డులు తెలియాలి, అడంగల్ ఏం చెబుతుందో, 1బి ఏం చెబుతుందో, తెలంగాణలో అయితే పహాణీ ఏం చెబుతుందో తెలియాలి. తెలంగాణలో భూమి రికార్డుల పోర్టల్ ధరణి వచ్చి, పోయి, దాని స్థానంలో 2025లో భూభారతి ఎందుకు వచ్చిందో తెలియాలి. ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమి కొన్నవాడు మీ ముందు కూర్చుంటే 1977 నాటి చట్టం ఏమంటుందో చెప్పగలగాలి. ఏజెన్సీ ప్రాంతంలో అయితే అందరి నోటా వినిపించే 1/70. గిరిజనేతరుల చేతుల్లోకి భూమి పోకుండా ఆపే ఆ నియంత్రణ, దాని మీద 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు, ఇవన్నీ మన నేల మీద పుట్టిన చట్టం. రాంచీలో కూర్చుంటే అక్కడి ఛోటా నాగ్‌పూర్ భూమి చట్టం నేర్పుతారు, అది వాళ్లకు సరైనదే. మన చట్టం మన దగ్గరే నేర్చుకోవాలి.

భాష కూడా అంతే. సాక్షి తెలుగులో చెబుతాడు. అతను "నాకు ఎరికలేదు" అన్నా, "గుర్తు లేదు" అన్నా ఇంగ్లీషులో రికార్డు చేసేటప్పుడు ఒకటే మాట అయిపోయే ప్రమాదం ఉంది. కేసు గెలుపోటములు ఒక్కోసారి ఆ తేడా మీదే ఆధారపడతాయి. క్రాస్ ఎగ్జామినేషన్ అంటే ఇంగ్లీషులో గట్టిగా మాట్లాడటం అని సినిమాలు చూసి అనుకుంటారు. శ్రీకాకుళం రైతును అడిగే తీరు వేరు, ఆదిలాబాద్ రైతును అడిగే తీరు వేరు. మన రెండు రాష్ట్రాల జూనియర్ సివిల్ జడ్జి పరీక్షల్లో తెలుగు నుంచి ఇంగ్లీషుకు, ఇంగ్లీషు నుంచి తెలుగుకు అనువాదం కూడా రాయిస్తారంటే ఊరికే కాదు.

జడ్జి పరీక్ష మాట వచ్చింది కాబట్టి, ఇంట్లో ఆ ఆలోచన ఉన్నవాళ్లు ఇది రాసుకోండి. 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు ఇకపై కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలి. పట్టా చేతికి రాగానే కోచింగులో కూర్చుని, పరీక్ష రాసి, నేరుగా జడ్జి కావడం కుదరదు. బార్ కౌన్సిల్లో న్యాయవాదిగా తాత్కాలికంగా నమోదైన తేదీ, అంటే ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ తేదీ నుంచి ఆ మూడేళ్లు లెక్కిస్తారు. పదేళ్ల అనుభవమున్న న్యాయవాది సర్టిఫికెట్ ఇవ్వాలి, దాని మీద ఆ కోర్టు ముఖ్య న్యాయాధికారి సంతకం ఉండాలి. న్యాయమూర్తుల దగ్గర లా క్లర్కుగా చేసిన కాలాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటారు. చూశారా, నేను మొదట చెప్పిన మూడేళ్లు ఇప్పుడు చట్టప్రకారం కూడా తప్పనిసరి అయ్యాయి. నెలకు 27 వేల కిస్తీ నెత్తిన ఉన్న పిల్ల ఈ మూడేళ్లు ఎలా గడుపుతుంది? అప్పులేని పిల్ల సన్నగానే అయినా గడుపుతుంది. జడ్జి కావాలనుకునే మధ్యతరగతి పిల్లలకు నేను లాసెట్ సీటు వైపే మొగ్గమని గట్టిగా చెబుతాను.

ఇంత చెప్పాక, ఎన్‌ఎల్‌యూ తీసుకోవాల్సిన వాళ్లు ఎవరో కూడా అంతే గట్టిగా చెప్పాలి. కార్పొరేట్ లా, ఆర్బిట్రేషన్, పన్నుల చట్టం, మేధోసంపత్తి, ఈ పనుల మీద నిజంగా మనసున్నవాళ్లు వెళ్లండి. ఆ ఫర్మ్‌లు ఉద్యోగాలివ్వడానికి క్యాంపస్‌లకు వస్తాయి, అందులోనూ పాత క్యాంపస్‌లకే ఎక్కువగా వస్తాయి. విదేశాల్లో ఎల్‌ఎల్‌ఎం, పరిశోధన, అధ్యాపక వృత్తి కోరుకునేవాళ్లు వెళ్లండి. ఢిల్లీలో, సుప్రీంకోర్టులో స్థిరపడదామనుకునేవాళ్లు వెళ్లండి.

మరొకరున్నారు. వాళ్ల విషయంలో నేను ఎప్పుడూ తేల్చుకోలేక ఇబ్బంది పడతాను. ఇంట్లో వకీలు లేడు, బంధువుల్లో లేడు, కులం వల్లో పేదరికం వల్లో ఏ సీనియర్ ఆఫీసు తలుపూ సులువుగా తెరుచుకోని పిల్లలు. మా బార్‌లో ఈ రోజుకీ మంచి ఆఫీసులో చోటు దొరకడం చాలావరకు పరిచయాల మీదే. తండ్రి న్యాయవాది అయిన పిల్లాడికి ఏ కాలేజీ అయినా ఒకటే, అతని చాంబరు అతని కోసం ఎదురు చూస్తోంది. ఈ పిల్లలకు అలా కాదు. వాళ్లకు ఎన్‌ఎల్‌యూ పేరు, అక్కడి సీనియర్ల పరిచయం, దేశమంతా ఉండే స్నేహితులు, ఇవే కుటుంబం ఇవ్వలేని బలం. కాబట్టి ఆ ఇంటి పిల్లకు స్కాలర్‌షిప్ దొరికితే రెండో మాట లేకుండా వెళ్లమంటాను. దొరకకపోతే? అప్పుడు నేను అన్నీ తెలిసినట్టు సలహా చెప్పలేను. ఆ ఇంటివాళ్లతో కూర్చుని రూపాయి రూపాయి లెక్కేసి మాట్లాడాలి.

దూరం గురించి అమ్మలకు ఒక మాట. ఆడపిల్లను పాట్నా పంపాలంటే భయం సహజం. కానీ భయం ఒక్కటే కారణంగా సీటు వదిలించకండి. ఆ క్యాంపస్‌లలో చదివే అమ్మాయిలతో ఫోన్లో మాట్లాడండి, మన తెలుగు పిల్లలు దాదాపు ప్రతి చోటా ఉంటారు. ఇంటి దగ్గరే ఉంటే రక్షణ అనుకుని, పిల్లను కాలేజీకి తప్ప కోర్టుకు గానీ, ఇంటర్న్‌షిప్‌కు గానీ పంపకపోతే, లాసెట్ సీటు వల్ల వచ్చే లాభమంతా పోతుంది. ఇంట్లో ఉంచుకుంటే కోర్టుకు పంపాలి. ఆ మాట ఇవ్వగలిగితేనే ఇక్కడ చేర్పించండి.

కాలేజీని పరీక్షించే పద్ధతి ఒకటి చెబుతాను. రెండింటికీ ఇదే. ఓపెన్ డే రోజున వెళ్లొద్దు. మామూలు పనిరోజున, పదకొండు గంటలకు, చెప్పకుండా వెళ్లండి. క్లాసు జరుగుతోందా, ఎంతమంది ఉన్నారు, చూడండి. బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం సెక్షనుకు అరవై మందికి మించకూడదు, ప్రతి సబ్జెక్టులో 70 శాతం హాజరుండాలి. హాజరు అడగని కాలేజీ అంటే పాఠం చెప్పని కాలేజీ అని అర్థం. లైబ్రరీలో తీర్పులు వెతుక్కునే మనుపాత్ర, ఎస్‌సీసీ ఆన్‌లైన్ పిల్లలకు అందుబాటులో ఉన్నాయా అడగండి. 2024 జూలై 1 నుంచి పాత ఐపీసీ, సీఆర్‌పీసీ, సాక్ష్య చట్టాల స్థానంలో భారతీయ న్యాయ సంహిత, నాగరిక్ సురక్ష సంహిత, సాక్ష్య అధినియం వచ్చాయి. లైబ్రరీలో ఇంకా పాత ఐపీసీ పుస్తకాలే వరుసగా ఉంటే అక్కడ చదువు ఎలా ఉందో తెలిసిపోతుంది. మూడో సంవత్సరం పిల్లల్ని ఇద్దర్ని పట్టుకుని, పోయిన సెలవుల్లో ఎక్కడ ఇంటర్న్‌షిప్ చేశారో అడగండి. ఐదేళ్ల కోర్సులో కనీసం 20 వారాలు చేయాలని నియమం. "సర్టిఫికెట్ తెచ్చి ఇచ్చాం" అన్నారంటే ఒక జవాబు. "ఫలానా కేసులో వాదనలు విన్నాం, ప్లీడింగ్ రాశాం" అన్నారంటే ఇంకో జవాబు. ఇక, ఆ కాలేజీకి ఆ ఏడాది బార్ కౌన్సిల్ అనుమతి ఉందో లేదో కాగితం చూడండి. ప్రైవేటు కాలేజీ అయితే ఇది మరీ ముఖ్యం. అనుమతి లేకపోతే రేపు ఎన్‌రోల్‌మెంట్ దగ్గర ఆగిపోతారు.

ఏ కాలేజీ వాళ్లయినా చివరికి ప్రాక్టీసుకు అర్హత ఇచ్చే ఒకే ఆల్ ఇండియా బార్ ఎగ్జామ్ రాయాలి. ఆ పరీక్షను 2023 ఫిబ్రవరిలో రాజ్యాంగ ధర్మాసనం సమర్థించింది. ఎన్‌రోల్‌మెంట్ ఫీజు పేరుతో వేలకు వేలు గుంజడం కూడా 2024 జూలై తీర్పుతో ఆగింది. జనరల్ వాళ్లకు 750, ఎస్సీ ఎస్టీలకు 125 రూపాయలు మించి తీసుకోకూడదని సుప్రీంకోర్టు చెప్పింది.

ఇప్పుడు అన్నిటికన్నా అత్యవసరమైన విషయం, తేదీలు. క్లాట్ డిసెంబరులోనే అయిపోతుంది, వేసవికల్లా సీటు ఖాయం చేసి డబ్బు కట్టమంటారు. లాసెట్ వేసవిలో రాస్తే, కౌన్సెలింగ్ తరచుగా ఆగస్టు దాటుతుంది, ఇంకా ఆలస్యమైన సంవత్సరాలూ ఉన్నాయి. అంటే రెండు సీట్లు ఒకే రోజున మీ ముందు ఉండవు. ఒకదాంట్లో చేరి, రెండోదాని కోసం చూడాల్సి వస్తుంది. అందుకని ఎన్‌ఎల్‌యూలో డబ్బు కట్టేముందు, ఏ తేదీ లోపు వదులుకుంటే ఎంత వెనక్కి ఇస్తారో రాతపూర్వకంగా ఉన్న నిబంధన చదవండి. ఫీజు వాపసు మీద, ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోకూడదన్న దాని మీద యూజీసీ 2018లో నోటిఫికేషన్ ఇచ్చింది. సర్టిఫికెట్లు చూసి, జిరాక్సుల మీద సంతకం చేయించుకుని, ఒరిజినల్స్ అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయాలి. ఎవరైనా ఉంచుకుంటామంటే ఆ నోటిఫికేషన్ ప్రతి చూపించి అడగండి. వకీలు కాబోతున్నారు కదా, అడగడం ఇక్కడి నుంచే మొదలుపెట్టండి.

నేను చెప్పదలచుకున్నది అయింది. రెండు కాలేజీల ఫీజు కాగితాలు, బ్యాంకు వాళ్లిచ్చిన రుణపత్రం తెచ్చుకున్నవాళ్లు ఈ బల్ల దగ్గరికి రండి. భోజనాల వేళ దాకా ఇక్కడే ఉంటాను, ఒక్కొక్కరి లెక్కా కూర్చుని చూద్దాం. ముందు ఆ చివర నిలబడ్డ అమ్మాయి రామ్మా.